మెషీన్లకి 2 స్టార్లు, బోర్డుకి సున్నా

విజయవాడలో పటమట వైపు, మూడో అంతస్తులో జిమ్. ఏప్రిల్ ఆఖర్లో 3 నెలల ఫీజు ఒకేసారి కట్టాను. మెషీన్లు కొత్తవి, బళ్లు పెట్టుకోడానికి చోటుంది, బాత్రూములు రోజూ కడుగుతారు. ఆ 2 స్టార్లు వీటికే.

రిసెప్షన్ పక్కన ఓ తెల్ల బోర్డు ఉంటుంది. 90 రోజుల ఛాలెంజ్‌లో చేరినవాళ్ల పేర్లు, ఎదురుగా పచ్చ టిక్కులు. ఆదివారాలూ లేవు, ఒక్కరోజు మానితే పేరు చెరిపేస్తారు. వన్ టౌన్‌లో బట్టల షాపు నాది. 43 ఏళ్లొచ్చేదాకా చేసిన వ్యాయామమల్లా తానులు ఎత్తి దించడమే. అయినా ఆ టిక్కుల పిచ్చి బాగా పట్టుకుంది.

నాలుగో వారానికి నిద్ర పోయింది. ఒళ్లు అలిస్తే నిద్ర ముంచుకు రావాలి కదా, నాకేమో రాత్రి 2 గంటలకే మెలకువ. పొద్దున లేవగానే 66 ఉండే నాడి 80 దాటింది. అంతకుముందు వారం ఎత్తిన బరువు ఈ వారం లేవదు. ట్రైనర్‌కి చెప్తే "మైండ్‌సెట్ మార్చాలి అంకుల్" అన్నాడు. నొప్పుల కంటే ఆ అంకులే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు, ఉదయం బ్యాచ్‌కి ఏసీ వేయరు. ఓ రోజు 'స్పెషల్' అంటూ 200 స్క్వాట్లు, వాటి మీద పుల్అప్స్. మర్నాడు షాపులో పై అరలోంచి తాను లాగబోతే చెయ్యి భుజం దాటి లేవలేదు. తొడలు రాళ్లలా బిగిసి వాచాయి. సాయంత్రానికి మూత్రం థమ్సప్ రంగులో వచ్చింది.

డాక్టరుగారు సీకే టెస్టు రాశారు, కండ ఎంత దెబ్బతిందో రక్తంలో చూసే పరీక్ష. మామూలుగా 200 అటూ ఇటూ ఉండాల్సింది 18,000 వచ్చింది. కండ చిట్లి, అందులోదంతా రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుందట, ఒంట్లో నీళ్లు తగ్గితే మరీనూ. రెండ్రోజులు సెలైన్ ఎక్కించారు. "వారానికి ఎన్ని రోజులు రెస్టు ఇస్తారు?" అని అడిగారు. ఇవ్వరండీ అన్నాను. రాస్తున్న పెన్ను ఆపి నా వంక చూశారు.

చేరి తీరాలంటే సాయంత్రం బ్యాచ్‌లో చేరండి. అక్కడ వయసు మళ్లిన ట్రైనర్ ఒకాయన ఉన్నారు, బరువు చేతికిచ్చే ముందు రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతారు. కాళ్లకి చేయించిన మర్నాడు కాళ్ల జోలికి పోనివ్వరు.

మిగిలిన రెండు నెలల డబ్బు వాపసు కుదరదన్నారు. మెంబర్‌షిప్ కొన్నాళ్లు ఆపి పెట్టుకోవచ్చట, దానికో 500. కట్టి వస్తూ బోర్డు వంక చూశాను. నా పేరు చెరిపేసి, ఆ చోట ఇంకెవరిదో రాసేశారు.