పాత టీఆర్‌లు: బైండింగ్ విప్పి స్కాన్ చేయాలా, విప్పకుండానా?

డిజిటైజేషన్ అనగానే ఎగ్జామ్ బ్రాంచీల వాళ్లు అడిగేది ఒకటే. విద్యార్థులందరి మార్కులు, ఫలితాలు చేత్తో ఎక్కించిన పాత టేబులేషన్ రిజిస్టర్లను (టీఆర్‌లను) విప్పి, కాగితాలను రోలర్లతో లోపలికి లాక్కునే ఫీడర్ స్కానర్‌లో వేయాలా, తెరిచి పెట్టి పైనుంచి కెమెరాతో తీయాలా?

ఫీడర్‌తో పని త్వరగా తెములుతుంది, పేజీ సాపుగా వస్తుంది. పేజీకో పట్టిక ఉన్న రిజిస్టర్లలో కుడి పేజీ హాల్ టికెట్ నంబరు, ఎడమ పేజీ ఫలితం గడి రెండూ కుట్టు పక్కనే ఉంటాయి. విప్పితే అవి నీడ లేకుండా పడతాయి.

అయినా నా మొగ్గు కెమెరాకే. మొదటి కారణం కాగితం. అనంతపురం ఎండలకు ఏళ్ల తరబడి మగ్గిన కాగితం పెళుసెక్కుతుంది. రిజిస్టర్ చివరి ఖాళీ కాగితం మూలను ముందుకోసారి, వెనక్కోసారి మడిచి చూడండి. రెండు మూడు మడతలకే తునిగితే రోలర్ల మధ్యకు పంపొద్దు.

అసలు కారణం కుట్టు. జెన్యూన్‌నెస్ వెరిఫికేషన్‌లో, అంటే సర్టిఫికెట్ అసలైనదేనా అని రిజిస్టర్‌తో సరిచూసేటప్పుడు, చూసేది మార్కులొక్కటే కాదు. 34 కొట్టేసి ఎర్రసిరాతో 43 వేసి ఉంటే, పక్కన ఇనిషియల్ ఉందా, ఆ కాగితం మొదటినుంచీ అక్కడిదేనా అన్నది కూడా. కుట్టు పోతే రిజిస్టర్ విడి కాగితాల కట్టే. మెషిన్ మీద వెన్ను కోయించారా, తిరిగి దారం వేయడానికి మడత కూడా మిగలదు. గడి కుట్టులోకి మరీ లోపలికి పోయిన రిజిస్టర్‌కు మాత్రం బైండర్‌తో దారం తెంపించి, ఫొటోలు తీశాక మళ్లీ కుట్టించండి.

కెమెరా పనికి రిజిస్టర్‌ను వి ఆకారపు తొట్టిలో సుమారు 100 డిగ్రీలే తెరవాలి. ఒక్కో పేజీ విడిగా తీయాలి. ఏ3 పేజీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3508 × 4961 పిక్సెళ్లు. 20 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక పేజీకి చాలు, రెండు పేజీలు కలిపి తీస్తే 230 డీపీఐ లోపే వస్తుంది. టెండర్లో డీపీఐ ఒక్కటే రాస్తే, సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి ఫైలు మీద 300 చూపించవచ్చు. పిక్సెళ్ల లెక్క రాయండి, ఫ్రేములో స్కేలు పెట్టించండి. కలర్ తప్పనిసరి. నలుపు తెలుపులో పెన్సిల్ గుర్తులు మాయమవుతాయి, ఎర్రసిరా నల్లసిరాలో కలిసిపోతుంది.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో తీసిన టీఆర్‌లు కుట్టులేని విడి కాగితాలైతే ఫీడర్ సరిపోతుంది. అయితే 15 × 12 అంగుళాల కాగితంలో 12 అంగుళాల వైపు ఏ3 వెడల్పు కన్నా సుమారు 8 మిల్లీమీటర్లు ఎక్కువ, అంచున ఉన్న వరుస తెగిపోవచ్చు. వెడల్పాటి ఫీడర్ అడగండి. పేజీలను చిన్న బొమ్మలుగా ఫిల్మ్ మీదకెక్కించే మైక్రోఫిల్మ్ మన్నుతుంది గానీ రోజువారీ వెతుకులాటకు పనికిరాదు. లామినేషన్ వద్దే వద్దు, మళ్లీ ఊడదీయలేం.

ఫైలు పేరు విశ్వవిద్యాలయంతో మొదలుపెట్టి కోర్సు, పరీక్ష నెల, సంవత్సరం, పేజీ రాయండి. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది, అంతకుముందు అక్కడి పీజీ సెంటర్ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానిది. ఊరిపేరుతో వెతికితే అంతకుముందటి రికార్డు దొరకదు.

రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలి, అసలు రిజిస్టర్లు పై అంతస్తులో ఉండాలి. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలులో నీళ్లు ముందు చేరింది కింది గదుల్లోకే.