విదేశం నుంచి ఇంటికి ఫోటోలు: వాట్సాప్ గ్రూపా, ఆల్బమ్ లింకా, ఇన్‌స్టాగ్రామా?

జర్మనీలోని డ్రెస్డెన్ వచ్చిన మొదటి నెలలో తీసిన ఫోటోలన్నీ మా ఇంటి వాట్సాప్ గ్రూపులోనే పెట్టాను. గది, వంటగట్టు, ట్రామ్, ఎల్బే నది, అన్నీ. ఒకరోజు ఫ్రౌయెన్‌కిర్షె చర్చి ఫోటో పెడితే తెనాలి నుంచి అమ్మ అడిగింది: "ఏరా, గోడ నిండా ఆ నల్లమచ్చలేంటి? సున్నం వేయించుకోరా వాళ్లు?" రోజూ ఆ పక్క నుంచే నడిచి వెళ్తున్నా నాకు ఆ ప్రశ్న తట్టలేదు. తెలుసుకుని చెప్పాను. 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో ఆ చర్చి కూలిపోయింది. చాలా ఏళ్లు రాళ్లగుట్టగానే ఉండి, మళ్లీ కట్టాక 2005లో తెరుచుకుంది. శిథిలాల్లో ఏరిన పాత రాళ్లను కొత్త రాళ్ల మధ్య పేర్చారు. నల్లగా కనిపించేవి అవే. ఆ రోజు అమ్మా నేనూ గంటసేపు మాట్లాడుకున్నాం.

వాట్సాప్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఫోటో వెళ్లిన చోటి నుంచే మాట తిరిగొస్తుంది. పరాయి దేశంలో కొత్తగా కాపురం పెట్టినవాడికి ఆ మాట చాలా అవసరం. సెలవులకు వెళ్లినవాడు పది రోజుల్లో తిరిగొచ్చి ఇంట్లో కూర్చుని ఫోటోలు చూపిస్తాడు. మనకు ఆ వీలు లేదు.

కానీ దాచుకోవడానికి అది పనికిరాదు. మామూలుగా పంపితే ఫోటో పొడవు సుమారు 1,600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. ఫోన్ తెరమీద ఆ తేడా తెలియదు. నాన్న మాత్రం చర్చి ఫోటోను అమ్మమ్మ కోసం స్టూడియోలో 12×18 అంగుళాల సైజులో వేయించారు. అంగుళానికి 90 చుక్కలు కూడా రాని ఫోటో అంత పెద్దదైతే ఏమవుతుంది? గోడమీద రాళ్లన్నీ కలిసిపోయాయి. తప్పు నాదే, ఒరిజినల్ పంపి ఉండాల్సింది. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ నొక్కితే కొంత మెరుగు. ఉన్నది ఉన్నట్టు వెళ్లాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. అయితే అలా పంపినప్పుడు ఫోటో ఎక్కడ తీశామన్న వివరం కూడా దాంతోపాటే వెళ్తుంది, గుర్తుపెట్టుకోండి.

రెండో దారి గూగుల్ ఫోటోస్‌లో అందరం కలిసి చూసే ఆల్బమ్. ఒరిజినల్ నాణ్యతతో దాచుకోవచ్చు, తేదీల వారీగా ఉంటుంది, ఒక్కో ఫోటో కింద నాలుగు మాటలు రాసుకోవచ్చు. ఉచితంగా దొరికే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్ కూడా పంచుకుంటాయి కాబట్టి ఫోటోకు 4 ఎంబీ చొప్పున మూడు వేలకు పైన పడితే ఎక్కువ. ఆ చోటు మన లెక్కలోదే, ఊరికే చూసేవాళ్ల ఫోన్ నిండదు. అమ్మ ఫోన్‌లో ఎప్పుడూ చోటుండదు కనుక మాకిది పెద్ద సుఖం.

ఇబ్బంది లేకపోలేదు: తమంతట తామే దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. లింకు పంపిన రోజు అందరూ చూస్తారు, ఆ తర్వాత మరచిపోతారు. పైగా లింకు ఎవరి చేతికి వెళ్తే వాళ్లు చూడగలరు. మావయ్య మురిసిపోయి ఇంకో గ్రూపుకు పంపితే అంతే. అందుకని లింకు షేరింగ్ ఆపేసి, ఇంట్లోవాళ్లను మెయిల్ ఐడీలతో చేర్చాను.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి వేరు. హైదరాబాద్‌లో చదువుకున్నప్పటి మిత్రులంతా అక్కడే ఉన్నారు, వాళ్ల కోసం స్టోరీ పెడితే 24 గంటల్లో పోతుంది. ఫోటోగ్రఫీని గట్టిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు కొత్త కళ్లు దొరికే చోటు కూడా అదే. కానీ దేశం మారేవాళ్లు మొదట పెట్టే ఫోటోలే నన్ను భయపెడతాయి. పాస్‌పోర్టు మీద బోర్డింగ్ పాస్ పెట్టి తీసేది ఒకటి. ఆ బార్‌కోడ్‌లో పేరు, బుకింగ్ నంబరు రెండూ ఉంటాయి. కొత్త ఇంటి తాళంచెవులు ఇంకొకటి. జర్మనీలో అపార్ట్‌మెంట్ గుమ్మం బయట కాలింగ్ బెల్ పక్కన ఇంటిపేరు రాసి ఉంటుంది. వీధి కనబడేలా అక్కడ నిలబడి ఫోటో దిగి అందరికీ చూపిస్తే చిరునామా చేతికిచ్చినట్టే. మనుషుల ముఖాల విషయంలోనూ ఇక్కడ పట్టింపు ఎక్కువ. గుర్తుపట్టగలిగే మనిషి ఫోటోను అందరికీ చూపించాలంటే అతని అనుమతి ఉండాలని 1907 నాటి చట్టం చెబుతుంది, దృశ్యంలో యాదృచ్ఛికంగా పడినవాళ్లకు మినహాయింపు ఉంది. సంతలో కూరగాయలమ్మే ముసలమ్మ ముఖం దగ్గరగా తీసి పెట్టాలంటే అడిగి తీరాలి. చట్టం లేకపోయినా అడగాలనే నేనంటాను.

నన్నడిగితే ఇంటివాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ అక్కర్లేదు. ఆల్బమ్ ఒక్కటే ఉంటే మాట ఆగిపోతుంది, గ్రూపు ఒక్కటే ఉంటే ఫోటో పోతుంది. కాబట్టి ఒరిజినల్స్ అన్నీ ఆల్బమ్‌లోకి ఎక్కించి, వాటిలోంచి రోజుకు ఒక్కటి, కచ్చితంగా ఒక్కటే, గ్రూపులో పెడుతున్నాను. ఒకేసారి ముప్పై పెట్టినప్పుడు అమ్మ "బాగున్నాయి నాన్నా" అని ఊరుకునేది. ఒక్కటి పెడితే దాన్ని పెద్దది చేసి మూల మూలా చూస్తుంది. ఆవిడ అడిగింది, నేను చెప్పింది రాత్రికి ఆల్బమ్‌లో ఆ ఫోటో కిందే రాస్తాను. ఫోన్ చూడలేని అమ్మమ్మకు మాత్రం నెలకు నాలుగు ఒరిజినల్స్ నాన్నకు పంపితే ఆయన ప్రింటు తీయిస్తున్నారు.

ఈరోజు డ్రెస్డెన్ దగ్గర్లోని బాస్టై వంతెన ఫోటో పెట్టాను. నిట్టనిలువు రాతి స్తంభాల నడుమ 1851లో ఇసుకరాతితో కట్టారు. డిసెంబరు కదా, నాలుగింటికే చీకటిపడింది. ఇల్లు చేరి ఫోటో పంపేసరికి ఇక్కడ ఆరు, తెనాలిలో రాత్రి పదిన్నర. అమ్మ పొద్దున లేచి చూస్తుంది.