నాలుగు గళ్ళ కాగితం: ప్రయోగ ఫలితాల ప్రశ్నల మీద చాలాకాలం వాడి చూశాక

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో ఇంగ్లీషు చదువు, తర్కం చూసే వెర్బల్ భాగంలో 45 నిమిషాలకు 23 ప్రశ్నలు. ఒక్కో దానికి రెండు నిమిషాలు కూడా రావు. అందులో క్రిటికల్ రీజనింగ్ (చిన్న వాదన ఇచ్చి దాన్ని పరీక్షించమనే ప్రశ్నలు) వాటాలో పదేపదే ఎదురయ్యే రకం ఒకటుంది: ఫలానా ప్రయోగం చేశారు, ఫలానా ఫలితం వచ్చింది, కాబట్టి ఫలానాది నిజం అంటారు. ఆ వాదనను బలపరచమనో, బలహీనపరచమనో, తేల్చుకోవడానికి ఇంకేం తెలియాలనో అడుగుతారు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఈ పరీక్షలకు చదివే తెలుగువాళ్ళు ఇక్కడ మార్కులు పోతే ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లీషు అని సరిపెట్టుకుంటారు. చిక్కు భాషలో లేదు. ప్రయోగంలో కొలిచింది ఒకటి, చివర తేల్చింది ఇంకొకటి. ఆ రెంటి మధ్య ఖాళీని చూడకుండానే ఆప్షన్లలోకి దూకడం వల్ల మార్కు పోతుంది. ఆ ఖాళీ కనపడడానికి వాడేదే నాలుగు గళ్ళ పద్ధతి.

పద్ధతి సులువే. ఆప్షన్లను చేత్తో మూసేయాలి. పేజీని నిలువుగా నాలుగు గళ్ళు చేయాలి. మొదటి గడిలో ఎవరిని, ఎలా విడదీశారు. రెండో దాంట్లో ఒక గుంపుకి ఇచ్చి రెండో గుంపుకి ఇవ్వనిది ఏమిటి. మూడో దాంట్లో ఏం కొలిచారు, ఎప్పుడు, దేనితో. నాలుగో దాంట్లో ఏమని తేల్చారు, రచయిత వాడిన మాటల్లోనే. గడికి మూడు నాలుగు మాటలు మించకూడదు. వాక్యాలు రాస్తూ కూర్చుంటే సమయమంతా అక్కడే పోతుంది.

పనితీరు తెలియడానికి ఒక కల్పిత ప్రశ్న చూడండి. ఒక బడిలో కొందరు పిల్లలకు మూడు నెలలు రోజూ పొద్దున చోడి (రాగి) జావ పోశారు, మిగతావాళ్ళకు పోయలేదు. జావ తాగిన పిల్లల హాజరు పెరిగింది. కాబట్టి జావ వల్ల వాళ్ళ ఆరోగ్యం బాగుపడింది. ఈ వాదన సరైనదో కాదో తేల్చడానికి ఏది తెలిస్తే ఎక్కువ ఉపయోగం?

గళ్ళు నింపగానే మూడో గడిలో హాజరు, నాలుగో గడిలో ఆరోగ్యం కనిపిస్తాయి. ఈ రెండూ ఒకటి కావు. జావ కోసమే బడికి వచ్చి ఉండొచ్చు. ఇప్పుడు ఆప్షన్లు తెరవండి. చోళ్ళలో కాల్షియం బియ్యం కన్నా ఎంత ఎక్కువ అనేది ఒకటి. మన వైపు పిల్లలు దీన్ని కళ్ళు మూసుకుని ఎంచుకుంటారు, ఎందుకంటే చోళ్ళ గుణం ఇంట్లోనే తెలుసు. కానీ ఆ ఆప్షన్ ఈ బడిలో జరిగిన దాని గురించి ఏమీ చెప్పదు. జావ పోయని రోజుల్లో ఆ పిల్లల హాజరు ఎలా ఉందన్నది ఇంకొకటి. దీన్ని రెండు చివరల నుంచీ లాగి చూడాలి. జావ లేని రోజుల్లోనూ అంతే మంది వస్తుంటే ఆరోగ్యం మాటకు బలం వస్తుంది. ఆ రోజుల్లో హాజరు పడిపోతుంటే జావే వాళ్ళను రప్పిస్తోందన్నమాట, వాదన నీరుగారుతుంది. ఒక జవాబుకి ఇటు, రెండో జవాబుకి అటు ఊగే ఆప్షనే సరైనది. రెండు జవాబులకీ వాదన కదలకపోతే అది ఎంత ఆసక్తికరంగా ఉన్నా వదిలేయాలి.

మొదటి గడి ఎందుకన్నది 1954 నాటి అమెరికా పోలియో టీకా ప్రయోగం చూస్తే తెలుస్తుంది. కొన్ని ప్రాంతాల్లో, ఒప్పుకున్న కుటుంబాల పిల్లలనే లాటరీ పద్ధతిలో రెండుగా చేసి సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సూదిమందు వేశారు. టీకా వేసినవాళ్ళలో లక్షకు 28 మందికి, ఉత్త మందు వేసినవాళ్ళలో 71 మందికి పోలియో వచ్చింది. అసలు ఒప్పుకోని కుటుంబాల పిల్లల్లో మాత్రం 46. టీకా వేయించుకోనివాళ్ళలోనే ఇంత తేడా ఎందుకంటే, ఒప్పుకున్న కుటుంబాలు ఎక్కువగా కలిగినవి, పిల్లలు శుభ్రమైన వాతావరణంలో పెరిగినవాళ్ళు. చంటితనంలో, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఉండగా, ఆ వైరస్ తగిలే అవకాశం వాళ్ళకు తక్కువ. అందుకే సొంత రక్షణ ఏర్పడక, తరువాత పోలియో వాళ్ళకే ఎక్కువగా వచ్చింది. పరీక్షలో స్వచ్ఛందంగా, ముందుకొచ్చినవారు, ఎంచుకున్నవారు అనే మాటలు కనపడితే మొదటి గడి చుట్టూ గీత గీయండి. ఒప్పుకున్నవాళ్ళను ఒప్పుకోనివాళ్ళతో పోల్చిన ప్రయోగమైతే, వీకెన్ (వాదనను బలహీనపరచమనే) ప్రశ్నకు జవాబు ముందుగా వెతకాల్సింది అక్కడే.

మూడో గడికి 1930 లానార్క్‌షైర్ పాల ప్రయోగాన్ని మించిన పాఠం లేదు. స్కాట్లాండులో సుమారు 20,000 మంది బడి పిల్లలు, సగం మందికి నాలుగు నెలలు పాలు. గుంపుల్లో బక్కపిల్లలో బొద్దుపిల్లలో ఒకవైపే ఎక్కువైనట్టనిపిస్తే మార్చుకోవచ్చని టీచర్లకు వెసులుబాటు ఇచ్చారు. జాలిపడి చిక్కిన పిల్లలను పాల గుంపులోకి చేర్చినట్టున్నారు, ఎందుకంటే పాలు తాగని గుంపు మొదటి తూకంలోనే బరువుగా ఉంది. ఇది మొదటి గడి లోపం. మూడో గడి లోపం ఇంకొకటి: తూకం ఫిబ్రవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి, బట్టలతోనే. కలిగిన ఇంటి పిల్లలకు చలికాలపు బట్టల బరువు ఎక్కువ, జూన్‌కి అది తగ్గుతుంది. దాంతో అలాంటి పిల్లలు ఎక్కువగా ఉన్న, పాలు తాగని గుంపు పెరిగింది తక్కువగా కనిపించే వీలుంది. స్టూడెంట్ అనే కలంపేరుతో రాసే గణాంక శాస్త్రవేత్త గాసెట్ 1931లో ఈ లోపాలన్నీ ఎత్తిచూపాడు. ఇంత మందితో చేసే బదులు ఒకే పోలిక కవలలను కొద్దిమందిని తీసుకుంటే ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ అన్నాడు.

ఇక్కడే ఇంకో ఉచ్చు. శాంపిల్ చిన్నది అనే ఆప్షన్ కనపడగానే టిక్కు పెట్టే అలవాటు చాలామందిది. 20,000 మంది ఉన్నా లానార్క్‌షైర్ గట్టెక్కలేదు. 1747లో జేమ్స్ లిండ్ ఓడలో స్కర్వీ పట్టిన 12 మంది నావికులను ఆరు జంటలు చేసి, జంటకో మందు ఇస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట మిగతావాళ్ళ కంటే స్పష్టంగా కోలుకుంది. తేడా అంత పెద్దదైనప్పుడు 12 మందీ చాలు. శాంపిల్ మాట పనికొచ్చేది నాలుగో గడిలో అందరికీ, అన్ని చోట్లా వంటి మాట ఉన్నప్పుడే.

అంకెల ప్రశ్నల్లో మూడో గడిలో అంకె కింద మొత్తం ఎంతో రాసి భాగించడం తప్పనిసరి. కొత్త మందు కొట్టిన జీడిమామిడి మొక్కల్లో 8 చచ్చాయి, పాత మందు కొట్టినవాటిలో 20 అంటే కొత్తది మేలనిపిస్తుంది. వేసినవి 40, 200 అని తెలిస్తే లెక్క తిరగబడుతుంది: 20 శాతం, 10 శాతం. మధ్యలో మానేసినవాళ్ళ సంగతీ ఇంతే. మొదలుపెట్టింది 60 మంది, చివర కొలిచింది 35 మందినైతే, మిగతా 25 మంది ఎందుకు పోయారన్నదే అసలు ప్రశ్న. మార్కులు అడుగంటిన పిల్లలకే ప్రత్యేక తరగతి పెట్టి, తరువాతి పరీక్షలో పెరిగారు అనేదీ అనుమానించాల్సిందే. ఒక పరీక్షలో బాగా కింద పడినవాళ్ళు తరువాతి దాంట్లో ఏమీ చేయకపోయినా కొంత పైకి వస్తారు. సరిహద్దుకు అటు పాతపట్నం బడి, ఇటు పర్లాకిమిడి బడి అని పోల్చే ప్రశ్నలు సొంతంగా రాసుకుంటే మంచి సాధన. నది, వాన, పంట ఒకటే అయినా ప్రభుత్వాలు వేరు, సిలబస్ వేరు. రెండో గడిలో ఒక్క తేడా రాద్దామనుకుంటే నాలుగు వచ్చిపడతాయి.

ఇక లోపాలు. మొదట్లో ఒక్కో ప్రశ్నకు నాలుగు నిమిషాలు మింగుతుంది. గడియారం లేకుండా అలవాటు పడ్డాకే సమయం పెట్టుకోవాలి. తరువాత మొదటి రెండు గళ్ళు మనసులోనే నింపి, మూడు, నాలుగు మాత్రం రాస్తే రెండు నిమిషాల్లో పడుతుంది. జీమ్యాట్‌లో సెక్షన్ చివర మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు గనక, గళ్ళు నిండనిదానికి ఏదో ఒక జవాబు పెట్టి, గుర్తు వేసి ముందుకు పోవడమే మేలు. తప్పుకు విడిగా మార్కు కోత లేదు, ప్రశ్నలు పూర్తిచేయకపోతే మాత్రం నష్టం.

ఇన్‌ఫరెన్స్ (ఇచ్చిన మాటల నుంచి ఏం తేలుతుందనే) ప్రశ్నలకు ఈ కాగితం దండగ. అక్కడ నాలుగో గడిని మనమే నింపాలి, వాదనలో లోపం వెతకడం కాదు. ముద్దక్షరాల్లో ఉన్న వాక్యం వాదనలో ఏ పాత్ర పోషిస్తోందని అడిగే బోల్డ్‌ఫేస్ రకానికీ అంతే. వైరుధ్యాన్ని వివరించమనే ప్రశ్నలకు సగం పనిచేస్తుంది: రెండు ఫలితాలనూ మూడో గడిలో పక్కపక్కనే రాసి, రెండూ నిజమయ్యే కారణం వెతకాలి. సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరైన సీశాట్‌లో ప్యాసేజీ కింద అడిగేది ఎక్కువగా రచయిత ఊహ, సారాంశం. అక్కడ తప్పుకు మూడో వంతు మార్కు కోత, అర్హతకు 33 శాతం చాలు. ఆ ఒక్క పేపరు కోసమే అయితే ఇది నేర్చుకోనక్కర్లేదు. న్యాయ కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో లాజికల్ రీజనింగ్ ప్యాసేజీ పెద్దది, కింద నాలుగైదు ప్రశ్నలు. ఒక్కసారి గీసిన గళ్ళు అన్నిటికీ వాడుకోవచ్చు గనక అక్కడ గిట్టుబాటు ఎక్కువ.

తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఏ గడిలో పోయిందో అంకె వేసుకోండి. మూడు ఎక్కువగా పడితే కొలతల ప్రశ్నలు విడిగా తీసి సాధన చేయాలి. నాలుగు ఎక్కువైతే కొత్త ప్రశ్నలు వద్దు, పాత ప్రశ్నల్లోని చివరి వాక్యాలను ఒక్కో మాటా అడ్డుపెట్టి తిరిగి చదవడమే మందు.