చిన్న గదిలో కచేరీ: వేదిక, బస, ఏర్పాట్లు

తన పాటలు తానే రాసి, బాణీ కట్టి, పెద్ద మ్యూజిక్ కంపెనీల అండ లేకుండా ఊరూరా తిరిగి పాడే ఒక గాయని కచేరీ కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఇలాంటి కచేరీకి వేదికే సగం బలం. 1982లో అమెరికాలోని నాష్‌విల్‌లో మొదలైన బ్లూబర్డ్ కెఫేకు అంత పేరు రావడానికి, దాదాపు తొంభై సీట్లే ఉన్న ఆ గదిలో పాట సాగుతున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదన్న నియమం కూడా ఒక కారణం. 2009లో లండన్‌లో మొదలైన సోఫార్ సౌండ్స్ అనే సంస్థ వారి కచేరీలు ఇళ్లలోనూ చిన్న దుకాణాల్లోనూ జరుగుతాయి గానీ, ఎవరు పాడతారో సాధారణంగా ముందుగా చెప్పరు కనుక, నాలాగా ఒక్కరి కోసమే బయలుదేరేవారికి అవి కుదరవు.

నేను వెళ్లింది కూడా బ్లూబర్డ్ లాంటి చిన్న గదే. సీట్లకు నంబర్లు లేవు, ముందు వచ్చినవారిదే ముందు వరుస. గది మధ్యలో ఉన్న స్తంభం వెనక కూర్చున్నవారికి గాయని ముఖం కనిపించనే లేదు. టికెట్ అమ్మేటప్పుడే ఆ సంగతి చెప్పి ఉండవలసింది. సౌండ్ ఏర్పాటు మాత్రం ఎంతో శ్రద్ధగా ఉంది. గొంతుకొక మైకు, గిటారుకొక లైను, అంతే. దూరం రెట్టింపైనప్పుడల్లా నేరుగా చెవిని చేరే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, పెద్ద హాళ్లలో వినిపించకుండా పోయే సంగతులు ఇక్కడ స్పష్టంగా వినిపించాయి: తీగ మీద వేలు జారిన చప్పుడు, చరణానికి ముందు ఆమె ఊపిరి తీసుకోవడం.

లైట్ల వేడికి గిటారు తీగలు సాగి శ్రుతి దిగింది. మరలు తిప్పి సరిచేసుకుంటూనే, రాబోయే పాటలో ఒక చరణాన్ని ఎందుకు కొట్టేసిందో చెప్పి, ఆ కొట్టేసిన చరణాన్ని కూడా పాడి వినిపించింది. ఏ రికార్డులోనూ దొరకనిది అది. చివరి పాటకు మైకు వదిలి కుర్చీల మధ్యకు వచ్చినప్పుడు, ఎవరూ అడగకుండానే సిబ్బంది ఏసీ ఆపేశారు. ఆ రాత్రి నాకు అందిన సేవల్లో అన్నిటికన్నా మెచ్చదగినది అదే.

బస విషయంలో నా సలహా ఒక్కటే: గది కాస్త ఇరుకైనా, వేదిక నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే తీసుకోండి. కచేరీ ముగిశాక గాయని స్వయంగా రికార్డులు అమ్ముతూ, అడిగినవారితో పాటల గురించి మాట్లాడుతూ చాలాసేపు ఉంది. దూరంగా దిగినవారు చివరి బండి వేళకు హడావిడిగా వెళ్లిపోయారు. రికార్డు కొనదలచుకుంటే అక్కడే కొనండి, ఆ డబ్బులో ఎక్కువ భాగం ఆమెకే చేరుతుంది.