సున్నాకే చావా, ఇంకో అవకాశమా? పాత డంజన్ ఆటకి ఏ హౌస్ రూల్స్ మేలు

అనంతపురంలో మేం పాత పద్ధతి ఫాంటసీ ఆట ఆడతాం. ఒక్కొక్కరూ ఒక పాత్ర (క్యారెక్టర్) తీసుకుని, డైస్ వేస్తూ డంజన్‌లో, అంటే రాక్షసులూ నిధులూ ఉన్న నేలమాళిగలో, సాహసాలు చేసే ఆట. దానికి హౌస్ రూల్స్, అంటే పుస్తకంలోని రూల్స్‌కి మేం చేసుకునే మార్పులు, మళ్లీ రాసుకోవాల్సిన సమయం వచ్చింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్లు సంక్రాంతికి ఇళ్లకి వస్తారు. అందరూ ఒక్కచోట కూర్చునేది అప్పుడే కాబట్టి వాదనలన్నీ ఆలోపే తేల్చుకోవాలి. మాకు ఆధారం 1981లో టామ్ మోల్డ్‌వే తిరగరాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పుస్తకం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆటని కొత్తవాళ్లకి అర్థమయ్యేలా 64 పేజీల్లో కుదించిన పుస్తకం అది. దాని పక్కన మేం రాసుకున్న మార్పుల కాగితాలు ఏటేటా బరువెక్కుతున్నాయి.

ఈ రూల్స్‌ని విడివిడిగా చూస్తే ప్రతిదీ మార్చాలనే అనిపిస్తుంది. కలిపి చూస్తే ఒకదాని మీద ఇంకోటి ఆనుకుని ఉంటాయి, ఒకటి లాగితే పక్కది ఒరుగుతుంది. అందుకే ఏ రూల్ న్యాయంగా ఉందని నేను చూడను. ఆ రూల్ పెట్టాక టేబుల్ దగ్గర మనుషులు ఏం చేయడం మొదలుపెడతారో చూస్తాను.

ముందు చావు సంగతి. గొడవ ఎక్కువ అయ్యేది దీని మీదే.

1981 రూల్ ప్రకారం హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) సున్నాకి వస్తే క్యారెక్టర్ చచ్చినట్టే. మొదటి లెవెల్ మంత్రగాడి హిట్ పాయింట్లకి నాలుగు ముఖాల డైస్ వేస్తాం. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి దెబ్బకి ఆరు ముఖాల డైస్. లెక్క వేసి చూడండి: ఒక్క దెబ్బ తగిలితే మంత్రగాడు చచ్చే అవకాశం నూటికి 75. ఎనిమిది ముఖాల డైస్ వేసుకునే యోధుడికి, అంటే ఫైటర్‌కి, కూడా సుమారు 44. మా బావమరిది మొదటిసారి ఆడినప్పుడు, "షీటు రాసినంతసేపు కూడా బతకలేదు గదా బావా!" అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు. అయితే ఈ రూల్ కింద ఆడేవాళ్లు తలుపు తెరిచే ముందు చెవి పెట్టి వింటారు, గాబ్లిన్లతో బేరమాడతారు, పనికిరాని పోట్లాట వదిలేసి పారిపోతారు. ఆ భయమే ఈ ఆటకి రుచి.

చాలామంది దీనికి వేసే సులువైన అతుకు, మొదటి లెవెల్లో హిట్ పాయింట్లు డైస్ వేయకుండా గరిష్ఠంగా ఇచ్చేయడం. వినడానికి అందరికీ సమానంగా ఉంది. ఫైటర్‌కి 8 వస్తాయి, గాబ్లిన్ కొట్టే ఒక్క దెబ్బకి వాడు ఎప్పటికీ చావడు. మంత్రగాడికి 4 వస్తాయి, వాడు మాత్రం సగానికి సగం సార్లు ఇంకా చస్తాడు. అసలే కవచమున్న వాడికి పూర్తి రక్షణ, చొక్కా మాత్రమే ఉన్న వాడికి అరకొర. నాకు ఇది నచ్చదు.

రెండో దారి 1979 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటది. సున్నాకి పడిపోతే స్పృహ పోతుంది, రౌండుకి (అందరి వంతూ ఒకసారి అయ్యే విడతకి) ఒక పాయింటు చొప్పున తగ్గుతూ మైనస్ 10కి చేరితే ప్రాణం పోతుంది. ఆలోపు ఎవరైనా కట్టు కడితే బతుకుతాడు, కాకపోతే కనీసం వారం రోజులు మంచానికే. కాగితం మీద చాలా పెద్దమనిషి తరహా రూల్. టేబుల్ దగ్గర మాత్రం మా పోట్లాటలు పది రౌండ్లు సాగడమే అరుదు. ఆ పది రౌండ్లలో ఎవరో ఒకరు గుడ్డ చింపి కట్టేస్తారు. అంటే రూల్ పేరుకి చావు, జరిగేది నిద్ర. ఆ వారం మంచం కూడా చాలా టేబుళ్లలో "సరే, వారం గడిచింది" అనే ఒక్క మాటతో అయిపోతుంది. అలాంటి చోట మనుషులు తలుపు దగ్గర చెవి పెట్టడం మానేస్తారు, నేరుగా తన్ని లోపలికి పోతారు.

మూడోది గాయాల పట్టిక. సున్నాకి వచ్చిన ప్రతిసారీ రెండు ఆరు ముఖాల డైస్ వేయాలి. ఇప్పుడు మేం అనుకుంటున్నది ఇలా ఉంది: 2 నుంచి 4 పడితే చావు, 5, 6 అయితే కన్నో వేలో కాలో పోయి ఆ లోటు శాశ్వతంగా ఉండిపోతుంది, 7 నుంచి 9 అయితే పోట్లాట అయ్యేవరకు స్పృహ ఉండదు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఒక్క పాయింటుతో లేచి నిలబడతాడు. చావు ఆరింట ఒకటి, శాశ్వత గాయం నాలుగింట ఒకటి. దీనికి ఇంకో ముడి వేశాం: ఇంతకుముందు తగిలిన ప్రతి శాశ్వత గాయానికీ డైస్‌లోంచి ఒకటి తీసేయాలి. రెండు గాయాలున్న పాత యోధుడికి 6 పడినా చావే, అంటే పదిహేను ముప్పై ఆరో వంతు, దాదాపు నూటికి 42. వయసైన క్యారెక్టర్‌ని రిటైర్ చేయాలా వద్దా అని ఆటగాడే తల పట్టుకుంటాడు. ఆ తల పట్టుకోవడం నాకు కావాలి. నా ఓటు దీనికే. విషానికి మాత్రం పాత రూలే, సేవింగ్ త్రో (గండం తప్పించుకోవడానికి వేసే డైస్) తప్పితే ప్రాణం పోయినట్టే. అన్నింటినీ మెత్తబరిస్తే పాము కనిపించినా ఎవరూ అడుగు వెనక్కి వేయరు.

డాలు విరగ్గొట్టుకునే రూల్ కూడా చాలా టేబుళ్లలో ఉంది. దెబ్బ తగిలినప్పుడు "నా డాలు పోయింది" అనేస్తే ఆ దెబ్బ నష్టం పూర్తిగా పోతుంది. నాకు చాలా ఇష్టమైన రూల్, ఎందుకంటే డైస్ పడ్డాక కూడా ఆటగాడి చేతిలో ఒక నిర్ణయం మిగులుతుంది. చిక్కేమిటంటే పాత ధరల ప్రకారం డాలు 10 బంగారు నాణేలే. బరువు లెక్క లేని టేబుల్‌లో ఈ రూల్ పెడితే ఒక్కొక్కడూ వీపున నాలుగు డాళ్లు వేసుకుని పాత సామాన్ల బండిలా తిరుగుతాడు.

కాబట్టి బరువు సంగతి తేలకుండా డాలు సంగతి తేలదు.

పాత పుస్తకం బరువుని నాణేల్లో కొలుస్తుంది, పది నాణేలు ఒక పౌండు. ప్లేట్ కవచం 500, డాలు 100, మామూలు కత్తి 60. మొత్తం 400 దాటితే నడక తగ్గడం మొదలవుతుంది, 1600 దాటితే కదలలేరు. లెక్క సరైనదే, కానీ తాడు తీసి సంచిలో వేసిన ప్రతిసారీ కూడికలు చేసే ఓపిక ఎవరికుంది? దాంతో అసలు బరువే చూడని టేబుళ్లు ఎక్కువయ్యాయి. మధ్యే మార్గం గడుల లెక్క. ఒంట్లో ఎంత బలం స్కోరు ఉంటే అన్ని గడులు. కత్తికి ఒకటి, డాలుకి ఒకటి, మూడు కాగడాలకి ఒకటి, వంద నాణేలకి ఒకటి, కవచానికి రెండో మూడో. షీటు పక్కన నిలువుగా గీతలు గీసి నింపుకుంటే చాలు, కూడికలే ఉండవు.

మా డంజన్ గుత్తి కోట నమూనాలో గీసింది, అందుకే నీళ్ల తిత్తికి కూడా నేను ఒక గడి అడుగుతాను. 1776లో హైదర్ అలీ ముట్టడి వేసినప్పుడు మురారిరావు కోటని ఫిరంగుల కంటే దాహమే ఎక్కువ దెబ్బ తీసింది. పైకోటలో నీళ్లు అయిపోయాక లొంగక తప్పలేదు. ఎండాకాలంలో ఆ కొండ ఎక్కినవాళ్లకి ఇది పుస్తకంలో చదవాల్సిన పని లేదు. ఆటలో కూడా అంతే: ఇంకో డాలా, ఇంకో తిత్తా, దొరికిన నాణేలా అని గడి ముందు ఆగి ఆలోచించాలి. నాణేల లెక్కలో ఆ ఆలోచన కూడికల్లో మునిగిపోతుంది, లెక్కే లేని చోట అసలు పుట్టదు. గడులే మేలు, దీని మీద నేను వెనక్కి తగ్గను.

ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పాత పద్ధతిలో అంకె తగ్గేకొద్దీ కవచం గట్టిది: ఏమీ లేకపోతే 9, ప్లేట్‌కి 3. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దీన్ని తిప్పేసింది, అంకె పెరిగేకొద్దీ గట్టిది. కొత్తగా వచ్చినవాళ్లు పట్టిక చూడకుండా ఆడాలంటే పెరిగే పద్ధతే సుఖం. పాత సాహసాల పుస్తకాలు వాడాలంటే 19లోంచి ఆ అంకె తీసేస్తే సరిపోతుంది, 9 కాస్తా 10, 3 కాస్తా 16. ఆటలో ఏ నిర్ణయమూ దీనివల్ల మారదు కాబట్టి వాదించడం దండగ, మార్చేయడమే.

వంతుల విషయంలో మాత్రం పాతదే నాకు నచ్చుతుంది. రౌండు మొదట్లో మన పక్షం ఒక డైస్, శత్రుపక్షం ఒక డైస్, పెద్దది పడినవాళ్లు ముందు. 2000 తర్వాతి పద్ధతిలో ఎవరి డైస్ వాళ్లు వేసి పోట్లాట అయ్యేవరకు అదే వరసలో వెళ్తారు. చురుకైన క్యారెక్టర్‌కి న్యాయం జరుగుతుంది, నిజమే. కానీ తన వంతు అయిపోయినవాడు ఫోన్ తీస్తాడు. పక్షాల పద్ధతిలో అందరూ ఒకేసారి తలలు దగ్గర పెట్టి "నువ్వు తలుపు మూయి, నేను నూనె పోస్తా" అని మాట్లాడుకుంటారు. చురుకుదనానికి ఏదైనా ఇవ్వాలంటే డైస్‌లు సమానం వచ్చినప్పుడు వాళ్లని ముందు పంపితే చాలు.

ఇక లెవెల్ పెరగడానికి కూడబెట్టే అనుభవం పాయింట్లు. ఒక బంగారు నాణెం బయటికి తెస్తే ఒక పాయింటు, ఇది పాత రూల్. బెంగళూరు బృందానికి ఇది నచ్చదు, "కథలో ఒక మలుపు దాటితే లెవెల్ ఇచ్చెయ్ అన్నా, ఈ చిల్లర లెక్క ఎందుకు" అంటారు. నెలల తరబడి కలవలేని వాళ్లకి ఆ కోరిక సహజమే. కానీ మలుపు ఏదో నిర్ణయించేది గేమ్ మాస్టరే (ఆట నడిపేవాడు, ఇక్కడ నేనే) అయినప్పుడు, ఆటగాళ్లు వెతికేది నా మనసులో ఏముందో అని. బంగారానికి అలాంటి మొహమాటం లేదు. పైగా చంపినందుకు వచ్చేది ఎంత తక్కువో చూడండి: ఒక గాబ్లిన్‌కి 5 పాయింట్లు. ఫైటర్‌కి రెండో లెవెల్ 2000 దగ్గర వస్తుంది. చంపుడు మీదే బతకాలంటే ఒక్కడి వాటాకే 400 గాబ్లిన్లు కావాలి. అందుకే తెలివైనవాళ్లు పోట్లాట తప్పించుకుని సొమ్ము ఎత్తుకొస్తారు. చావు రూల్‌ని అంత కఠినంగా పెట్టగలిగింది ఈ రూల్ పక్కన ఉంది కాబట్టే. చంపితేనే లెవెల్ అని పెట్టి సున్నాకే చావు అంటే అది ఆటగాళ్ల మీద పగే.

ఒక్క మార్పుకి నేను సిద్ధం. తెచ్చిన నాణేనికి కాకుండా ఖర్చు పెట్టిన నాణేనికి పాయింటు ఇవ్వాలి. ఊరి జాతరకి అన్నదానం, మొక్కుకి గంట, పాడుబడిన బావి పూడిక తీయించడం, లేదంటే సత్రంలో తాగి తగలేయడం. ఎలా ఖర్చు పెట్టాడన్నదాన్ని బట్టి ఊళ్లో వాడికి పేరు వస్తుంది, అప్పులూ శత్రువులూ వస్తారు. కథ కావాలన్నవాళ్లకి కథ దొరుకుతుంది, లెక్క లెక్కగానే ఉంటుంది.

దొంగ క్యారెక్టర్ నైపుణ్యాలు మొదటి లెవెల్లో దయనీయం: తాళం తీయడం నూటికి 15, ఉచ్చు కనిపెట్టడం 10. శాతాలు పెంచే బదులు, ముందు ఎవరైనా నోటితో వివరంగా చెప్పి ప్రయత్నించవచ్చని, అది ఫలించకపోతే దొంగకి మాత్రం డైస్ వేసే రెండో అవకాశమని పెడుతున్నాం. అంతకంటే దాన్ని కెలకను.

తేలాల్సింది ఒక్కటి మిగిలింది. చచ్చినవాడి బదులు కొత్త క్యారెక్టర్ ఏ లెవెల్లో రావాలి? పాత పద్ధతిలో ఒకటి నుంచే. నాలుగో లెవెల్ బృందంలో ఒకటో లెవెల్ వాడికి కష్టమే, కానీ పాత ఆటలో పై లెవెల్‌కి దాదాపు రెట్టింపు పాయింట్లు కావాలి. మిగతావాళ్లు ఒక మెట్టు ఎక్కేలోపు వీడు మూడు మెట్లు ఎక్కి దగ్గరికి వచ్చేస్తాడు. రెండో దారి, బృందంలో అందరికంటే చిన్న లెవెల్ కంటే ఒకటి తక్కువతో రానివ్వడం. ప్రతి వారం కలిసే బృందమైతే ఒకటి నుంచే అని పట్టుబట్టేవాణ్ణి. పండక్కీ పబ్బానికీ కలిసేవాళ్లు ఆ మూడు మెట్లు ఎక్కేసరికి ఉగాది, దసరా దాటిపోతాయి. వాళ్లకి ఒకటి తక్కువ, ఊళ్లో ఉండి వారం వారం ఆడేవాళ్లకి ఒకటి నుంచి. ఒకే టేబుల్‌కి రెండు రూల్సా అని బావమరిది అప్పుడే లేచాడు. లేవనీ.