ఈవెంట్ అయిపోయాక ఐదేళ్లు: నేను రెన్యూ చేసేది ఆ మొదటి పది నిమిషాల కోసం

మా నెలవారీ ఆన్‌లైన్ కాల్ ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. "పోయిన నెల మీ సమస్య చూశాం కదా, అది ఏమైందండీ?" అని. పోయిన నెల స్క్రీన్ షేర్ చేసినవాళ్లు పది నిమిషాలు దానికి జవాబు చెప్పాలి, ఆ తర్వాతే మిగతా కాల్. డిజిటల్ మార్కెటింగ్ కాన్ఫరెన్స్‌కి టికెట్ కొంటే ఏడాది పొడవునా మెంబర్‌షిప్ కూడా ఇస్తారు చూడండి, ఈ కాల్ అలాంటి మెంబర్‌షిప్‌లో ఒక భాగం. 2020లో ఈవెంట్లన్నీ ఆన్‌లైన్‌కి వెళ్లిపోయినప్పుడు చేరాను, ఐదేళ్లు దాటింది. సెషన్ల వీడియోలు, టూల్స్ మీద డిస్కౌంట్లు, జాబ్ పోస్టులు, అందరూ ఉండే పెద్ద గ్రూప్, ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. నేను ఏటేటా రెన్యూ చేసేది ఆ పది నిమిషాల కోసం.

పద్ధతి చాలా చిన్నది. ఈవెంట్ చివరి రోజు ఎనిమిదేసి మందిని ఒక సర్కిల్‌గా కలుపుతారు. అందరూ ఎస్ఈఓ (సెర్చ్‌లో సైట్‌ని పైకి తెచ్చే పని) వాళ్లే ఉండరు, యాడ్స్ చూసేవాళ్లు, ఈమెయిల్ వాళ్లు, అనలిటిక్స్ వాళ్లు కలిసి ఉంటారు. ప్రతి నెలా రెండో బుధవారం, గంట సేపు. మొదటి పది నిమిషాలు పోయిన నెల సంగతి, తర్వాత నలభై నిమిషాలు ఒకరి స్క్రీన్, చివర్లో వచ్చే నెల ఎవరిదో తేల్చుకోవడం. ఇక్కడ విన్న విషయం బయట వాడుకోవచ్చు, ఎవరు చెప్పారో మాత్రం చెప్పకూడదు. లండన్‌లోని చాటమ్ హౌస్ అనే సంస్థలో 1927 నుంచి ఉన్న నియమం అదే, దాన్నే పెట్టుకున్నారు. ఆ నియమం లేకపోతే ఎవరూ తమ అసలు గ్రాఫ్ చూపించరు. స్టేజీ మీద చూపించేవన్నీ పైకి వెళ్లే గ్రాఫులే, కింద పడిపోయిన గ్రాఫు చూడాలంటే ఇలాంటి గదిలోనే చూడాలి.

నాకు జరిగింది చెప్తాను, కొంచెం వివరంగానే.

2024 మార్చి మొదట్లో మా సైట్‌ని కొత్త ప్లాట్‌ఫామ్‌కి మార్చాం. మా కంపెనీలో మార్కెటింగ్ అంటే నేనొక్కదాన్నే, పైన అడగడానికి ఈ పని తెలిసినవాళ్లు ఎవరూ లేరు. రీడైరెక్టులు (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని కొత్తదానికి పంపేవి) ఒక్కొక్కటీ చెక్ చేసుకున్నాను, పేజీల జాబితా ఉండే సైట్‌మ్యాప్ గూగుల్‌కి ఇచ్చాను, అంతా బాగానే ఉందనుకున్నాను. రెండు వారాలకి గూగుల్ నుంచి వచ్చే క్లిక్స్ తగ్గడం మొదలైంది. సరిగ్గా ఆ మార్చి 5నే గూగుల్ కోర్ అప్‌డేట్ (సెర్చ్‌లో సైట్లకి ర్యాంకులిచ్చే పద్ధతిలో పెద్ద మార్పు) మొదలైంది, ఏప్రిల్ 19 దాకా 45 రోజులు నడిచింది, చాలా సైట్లు దెబ్బతిన్నాయి, ఎక్కడ చూసినా అదే మాట. నేను కూడా అదే అనుకున్నాను. మా బాస్‌కి అదే చెప్పాను. కంటెంట్ బాగోలేదేమో అని రెండు వారాలు కూర్చుని పాత ఆర్టికల్స్ తిరగరాశాను. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మన సైట్ లెక్కలు చూపించే టూల్) ఓపెన్ చేయడం, గీత ఇంకొంచెం దిగిందా అని చూడటం, ఆ టెన్షన్ తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఏప్రిల్ కాల్‌లో వంతు నాది. స్క్రీన్ పెట్టి కోర్ అప్‌డేట్ దెబ్బ అని మొదలుపెట్టాను. ఇద్దరు ముగ్గురు అవునవునన్నారు, వాళ్ల సైట్లూ పడ్డాయి. అప్పుడు యాడ్స్ చూసే ఆవిడ, ఎస్ఈఓతో ఆమెకి పెద్దగా పని కూడా ఉండదు, ఒక మాట అడిగింది. "క్వెరీల వారీగా చూపిస్తున్నారు కదండీ, పేజీల వారీగా చూడొచ్చా?" అని. క్వెరీలంటే జనం గూగుల్‌లో వెతికే మాటలు. పేజెస్ ట్యాబ్ నొక్కి, సైట్ మార్చకముందు నాలుగు వారాలు, మార్చాక నాలుగు వారాలు పెట్టి పోల్చాను. ఆర్టికల్స్ ఎక్కడివక్కడే ఉన్నాయి. పడినవన్నీ కేటగిరీ పేజీలు. అన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా. ఇంప్రెషన్లు, అంటే సెర్చ్‌లో కనిపించిన సార్లు, సున్నాకి దగ్గర్లో ఉన్నాయి.

"అప్‌డేట్ అయితే ఒక్క ఫోల్డర్‌ని పట్టుకుని ఇలా ఊడ్చేస్తుందా? సోర్స్ చూపించండి" అన్నారు అనలిటిక్స్ ఆయన. ఒక కేటగిరీ పేజీ తెరిచి కంట్రోల్ యు కొట్టి, పేజీ వెనకున్న కోడ్‌లో కెనానికల్ అని వెతికాను. అసలు పేజీ ఏదో గూగుల్‌కి చెప్పే లైన్ అది. ఆ లైన్‌లో ఆ పేజీ అడ్రస్ ఉండాలి. మా హోమ్ పేజీ అడ్రస్ ఉంది. ఇంకో కేటగిరీ తెరిచాను, మళ్లీ హోమ్ పేజీ. మూడోదీ అంతే. కొత్త టెంప్లేట్‌లో కేటగిరీ పేజీలన్నిటికీ కెనానికల్‌గా హోమ్ పేజీనే పడిపోయింది. అంటే ఈ పేజీ నకలు, అసలు పేజీ అక్కడుంది, దాన్నే చూపించు అని గూగుల్‌కి మేమే చెప్తున్నాం, ఐదు వారాలుగా. కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన మెల్లగా, "ఆర్టికల్స్ తిరగరాయడం ఆపేయండి ముందు" అన్నారు.

మర్నాడు డెవలపర్ టెంప్లేట్‌లో ఒక్క లైన్ మార్చారు. ముఖ్యమైన పేజీలని నేను సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి, మళ్లీ ఇండెక్స్ చేయమని (తన జాబితాలో చేర్చుకోమని) గూగుల్‌ని అడిగాను.

ఇక్కడిదాకా ఏ మంచి గ్రూపులోనైనా జరగొచ్చు. దాని తర్వాత జరిగింది నాకు ముఖ్యం. మే కాల్ మొదలవగానే ఆ ప్రశ్న వచ్చింది: "కెనానికల్ సంగతి ఏమైందండీ?" నేను సగం తిరిగొచ్చిందని చెప్పాను, సగం రాలేదు. అలా అడిగేవాళ్లు ఉన్నారని తెలుసు కాబట్టే ఆ నెలంతా నేను ప్రతి వారం లెక్క రాసి పెట్టుకున్నాను, లేకపోతే కాస్త కోలుకోగానే ఇంకో పనిలో పడిపోయేదాన్ని. మిగతా సగం ఎందుకు రాలేదో ఆ పది నిమిషాల్లోనే తేలింది. కొత్త మెనూలో ఆ కేటగిరీలకి లింకే లేదు. కొత్త డిజైన్ నీట్‌గా ఉండాలని మేమే తీసేశాం. మెనూలో మళ్లీ పెట్టాక జూన్ చివరికి దాదాపు పాత స్థాయికి వచ్చాయి. అప్‌డేట్ ప్రభావం అసలు లేదని నేను అనలేను, కానీ మా పేజీలు పడటానికి పెద్ద కారణం మా టెంప్లేటే.

సలహా ఇవ్వడానికి మనుషులు దొరుకుతారు. ఇచ్చిన సలహా పనిచేసిందా లేదా అని నెల తర్వాత గుర్తుపెట్టుకుని అడిగేవాళ్లు దొరకరు. ఎన్నో కాన్ఫరెన్సుల్లో ఎన్నో స్లైడ్లు ఫోటో తీసుకున్నాను, వాటిలో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో మరుసటి ఏడాది స్టేజీ ఎక్కి చెప్పినవాళ్లని నేనైతే చూడలేదు.

తప్పు సలహాలు కూడా ఈ పద్ధతి వల్లే బయటపడతాయి. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి బల్క్‌గా మెయిళ్లు పంపేవాళ్లకి రూల్స్ గట్టి చేశాయి కదా, మెయిల్ నిజంగా ఆ పేరుతో పంపినవాళ్లదే అని చూపించే సెట్టింగులు ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదు అని. మా సర్కిల్‌లో ఈమెయిల్ చూసే ఆయన మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయని వచ్చారు. ఆరు నెలలుగా ఓపెన్ చేయనివాళ్లని లిస్టులోంచి తీసేయమని మేమందరం నమ్మకంగా చెప్పాం. ఆ తర్వాతి నెల ఆయన వచ్చి, తీసేశాను, ఏమీ మారలేదు అన్నారు. అసలు సంగతి ఏంటంటే, మెయిళ్లు వెళ్లే సబ్‌డొమైన్‌కి డీకిమ్ సెట్టింగే సరిగా లేదు. ఆయన వచ్చి చెప్పకపోయి ఉంటే మేం ఏడుగురం అదే సలహా ఇంకో పదిమందికి పంచేవాళ్లం.

మొదటి ఏడాది ఫీడ్‌బ్యాక్ ఫారమ్‌లో ఈ కమ్యూనిటీ అంతటికీ ఐదుకి ఐదు ఇచ్చాను. ఇప్పుడు అంత ఇవ్వలేను.

పెద్ద గ్రూప్‌నే తీసుకోండి. అప్పట్లో వెయ్యి మందికి పైగా ఒక్కచోట ఉన్నారని తెగ మెచ్చుకున్నాను. ఈవెంట్ జరిగే వారం, దాని తర్వాతి వారం సందడే సందడి, సెల్ఫీలు, పరిచయాలు, "టచ్‌లో ఉందాం" అనే మాటలు. ఆ పైన చప్పుడు ఉండదు. ఆన్‌లైన్ గ్రూపుల్లో 90 శాతం మంది చదివేవాళ్లే, 9 శాతం అప్పుడప్పుడు మాట్లాడేవాళ్లు, నిజంగా నడిపేది 1 శాతమే అని వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో రాశాడు, మా గ్రూప్ చూస్తే ఆ 1 శాతం కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఒక్కసారి మాత్రం అది నిజంగా పనికొచ్చింది. 2023 జులై 1న గూగుల్ పాత అనలిటిక్స్ టూల్ యూనివర్సల్ అనలిటిక్స్ ఆగిపోయి అందరం కొత్తదైన జీఏ4కి మారాల్సి వచ్చినప్పుడు. అందరికీ ఒకే రోజు ఒకే తలనొప్పి కాబట్టి అడిగిన గంటలో నలుగురు జవాబిచ్చేవారు. ఎవరి సమస్య వాళ్లకే ప్రత్యేకంగా ఉన్నప్పుడు మాత్రం పెద్ద గ్రూప్‌లో అడిగి లాభం లేదు.

ఇంకోటి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పెద్ద గ్రూప్ స్లాక్ అనే చాట్ టూల్‌లో, ఉచిత ప్లాన్‌లో నడిచేది. 2022 సెప్టెంబర్ 1 నుంచి ఉచిత ప్లాన్‌లో 90 రోజుల మెసేజులే కనిపిస్తాయని స్లాక్ ముందే ప్రకటించింది, కాబట్టి అది టూల్ తప్పు అనను. నిర్వాహకులు దాన్ని పట్టించుకోలేదు. ఆ ఏడాది చివర్లో ఒక హెచ్‌రెఫ్‌లాంగ్ (ఏ భాష పేజీ ఎవరికి చూపించాలో గూగుల్‌కి చెప్పే ట్యాగ్) చర్చ కోసం వెతికితే కనపడలేదు. రెండు భాషల సైట్ మీద ముగ్గురు కూర్చుని మూడు రోజులు విడమరిచి రాసిన చర్చ అది. పని మానుకుని రాశారు వాళ్లు, జీతం లేకుండా, ఎవరో అడిగారని. ఈవెంట్ టికెట్లు అమ్మేటప్పుడు మాత్రం "ఏళ్ల తరబడి పోగైన జ్ఞానం" అని బ్యానర్ వేశారు. మంచి చర్చలని ఒక డాక్యుమెంట్‌లో కాపీ చేసి పెట్టుకుంటే అయిపోయేది. 2024 ఆగస్టు నుంచి ఉచిత ప్లాన్‌లో ఏడాది దాటినవి డిలీట్ కూడా అవుతున్నాయి, ఇక ఆశ లేదు.

ఆ దెబ్బతో మా సర్కిల్ సొంతంగా ఒక డాక్యుమెంట్ పెట్టుకుంది. ప్రతి కాల్‌కి నాలుగే లైన్లు: సమస్య ఏంటి, ఏం అనుకున్నాం, ఏం చేశారు, నెల తర్వాత ఏమైంది. పేర్లు ఉండవు. ముప్పై దాకా ఉన్నాయి ఇప్పుడు, నేను ఎక్కువగా చదివేది నాలుగో లైనే.

సర్కిల్ కూడా అన్ని వేళలా బాగా నడిచిందని చెప్పను. మా కోఆర్డినేటర్ గారు ఉద్యోగం మారి వెళ్లిపోయినప్పుడు మూడు నెలలు కాల్సే జరగలేదు. రెండుసార్లు రాకపోతే స్వయంగా ఫోన్ చేసి "అంతా బాగానే ఉందా అండీ" అని అడిగేది ఆవిడ. ఆవిడ లేకపోయేసరికి ఎవరికి వాళ్లం ఇంకెవరో పిలుస్తారులే అనుకున్నాం. నాలుగో నెల ఉండబట్టలేక నేనే మెసేజ్ పెడితే నాతో కలిపి ఐదుగురం అయ్యాం, మిగతా ముగ్గురు మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆ బాధ్యత నాలుగు నెలలకొకరం మార్చుకుంటున్నాం. నిర్వాహకులు ఈ పనికి మనిషిని పెట్టాలి, మెంబర్‌షిప్ డబ్బు తీసుకుంటున్నది వాళ్లే కదా.

తీసుకోవాలా వద్దా అంటే, నాలాగా ఒంటరిగా పనిచేసేవాళ్లయితే తీసుకోమనే అంటాను, అదీ సర్కిల్ ఉన్న మెంబర్‌షిప్ అయితేనే. ఏజెన్సీలో పనిచేసే నా ఫ్రెండ్ ఏడాదికే మానేసింది. క్లయింట్ల అకౌంట్లు బయటివాళ్లకి చూపించకూడదని వాళ్ల అగ్రిమెంట్‌లో ఉంది, స్క్రీన్ పెట్టలేనప్పుడు ఊరికే విని వెళ్లడం తనకి నచ్చలేదు, అందులో న్యాయం ఉంది. ఆఫీసులోనే పదిమంది టీమ్ ఉన్నవాళ్లకి కూడా ఇంత అవసరం ఉండకపోవచ్చు. చేరేముందు నిర్వాహకులని ఒక్కటి అడగండి, ఈవెంట్ అయిన ఆరో నెలలో మమ్మల్ని పిలిచేది ఎవరు అని. మనిషి పేరు చెప్తే చేరండి.

నేను ఈ ఏడాదికి రెన్యూ చేశాను. వచ్చే ఏడాది మా ఐదుగురిలో ఎంతమంది ఉంటారో చూసి చెప్తాను. రాబోయే బుధవారం మొదటి పది నిమిషాలు యాడ్స్ చూసే ఆవిడవి, పోయిన నెల తన అకౌంట్‌లో ఒకే లీడ్ (యాడ్ చూసి వివరాలు ఇచ్చిన మనిషి) రెండుసార్లు కౌంట్ అవుతోందని తేలింది, అది సరైందో లేదో అడగాలి.