ఒమేగా 10049 షేవింగ్ బ్రష్: కొంటే జతగా కొనండి

ఇటలీలోని బొలోన్యాకు చెందిన ఒమేగా కంపెనీ సెలూన్ల కోసం చేసే పంది వెంట్రుకల బ్రష్ ఇది. కుచ్చు మందం సుమారు 27 మిల్లీమీటర్లు, వెంట్రుకల పొడవు ఆరున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పిడి ప్లాస్టిక్. గట్టి సబ్బు బిళ్ల మీద తిప్పినా, ట్యూబు క్రీముతో వాడినా నురగ చిక్కగా, ధారాళంగా వస్తుంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసిన ఒక మంచి బ్రష్ ధరకు ఇలాంటివి రెండు మూడు వస్తాయి. రోజూ గడ్డం గీసుకునేవాళ్లు ఒక్కటే కొనుక్కుంటే మాత్రం మంచి వస్తువును చేజేతులా పాడుచేసుకున్నట్టే.

పంది వెంట్రుక నీళ్లు పీల్చుకుంటుంది. అందుకే వాడేముందు 3 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెడతాం, నానితే మెత్తబడుతుంది. అలా పీల్చుకున్న నీళ్లు అంత తేలిగ్గా బయటికి రావు. సింథటిక్ పోగు నీళ్లు పీల్చదు కాబట్టి పొద్దున వాడితే సాయంత్రానికి పొడిగా ఉంటుంది. ఈ బ్రష్‌కు మాత్రం గాలి ఆడేచోట 24 గంటలు కావాలి. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి చోట్ల 48 గంటలైనా ఆశ్చర్యం లేదు. పైకి చూస్తే కుచ్చు విచ్చుకుని, చివర్లు గరగరలాడుతూ ఆరినట్టే కనిపిస్తుంది. కుచ్చు మొదలు దగ్గర రెండు వేళ్లతో వెంట్రుకలు విడదీసి, ఆ లోపలి భాగాన్ని పెదవికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే తడి ఇంకా ఉన్నట్టే. వేలికి తెలియని చెమ్మ పెదవికి తెలుస్తుంది.

ఆ చెమ్మ మీదే రోజూ మళ్లీ తడిపితే మొదట ముక్కిన వాసన వస్తుంది. ఆ తర్వాత మొదళ్లలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అది బూజు. కుచ్చును పిడికి అతికించిన జిగురు దగ్గర వెంట్రుకలు బలహీనపడి తెగడం మొదలవుతుంది. కొత్త బ్రష్ మొదటి పది పదిహేను వాడకాల్లో నాలుగైదు వెంట్రుకలు రాల్చడం మామూలే, దానికి కంగారు పడొద్దు. ఆర్నెల్ల తర్వాత కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే లోపం ఆరబెట్టడంలో ఉందేమో చూసుకోండి. చెక్క పిడి ఉన్న బ్రష్‌లకు ఇంకో ముప్పు: కుచ్చు కూర్చున్న గుంటలో చెక్క తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, చివరికి పగులుతుంది. మన తేమకు ఈ 10049 ప్లాస్టిక్ పిడే మేలు.

కడిగే పద్ధతి ఇలా ఉండాలి. కుళాయి కింద వేళ్లతో కుచ్చును విప్పుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. పైపైన కడిగితే మొదళ్లలో సబ్బు అలాగే ఉండిపోతుంది. తర్వాత గుప్పిట్లో పట్టి మొదలు నుంచి చివరికి నొక్కుతూ నీళ్లు దింపండి. బట్ట పిండినట్టు మెలితిప్పకూడదు, వెంట్రుకలు జిగురు దగ్గరే విరుగుతాయి. నాలుగైదు సార్లు గట్టిగా విదిలించండి. చివరగా పొడి తువ్వాలు మీద గోడకు సున్నం వేసినట్టు అటూ ఇటూ పది పన్నెండు సార్లు రాయండి. ఆరే సమయాన్ని బాగా తగ్గించేది ఈ తువ్వాలు పనే, చాలామంది వదిలేసేదీ ఇదే.

తలకిందులుగా వేలాడదీసే స్టాండు తప్పనిసరి అంటారు కానీ, అది నిజం కాదు. విదిలించి తుడిచాక మిగిలిన తడి బొట్లుగా కారేది కాదు, గాలికి ఆవిరై పోవాల్సిందే. నిలబెట్టినా వేలాడదీసినా తేడా దాదాపు ఉండదు. పెట్టే చోటే ముఖ్యం. గీజర్ ఆవిరి నిండిన బాత్రూంలో ఖరీదైన స్టాండు కన్నా, ఫ్యాను గాలి తగిలే గదిలో మామూలు అలమర మేలు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, గంటల తరబడి ఎండా వద్దు, వెంట్రుక పెళుసెక్కుతుంది.

ఇక మార్చి మార్చి వాడడం. హైదరాబాద్ లాంటి పొడి వాతావరణంలో రెండు చాలు. కోస్తాలో జూలై నుంచి నవంబరు దాకా మూడోది ఉండాలి. మూడోదిగా సింథటిక్ తీసుకున్నా పర్వాలేదు. ఏ రోజు ఏది వాడామో గుర్తుపెట్టుకోనక్కర్లేదు: అలమరలో వరసగా నిలబెట్టి ఎడమ చివరిది తీయండి, కడిగాక కుడి చివర పెట్టండి. పంది వెంట్రుక తడిసి, పూర్తిగా ఆరి, మళ్లీ తడుస్తుంటేనే చివర్లు చీలి మెత్తబడతాయి. 15–20 వాడకాల తర్వాత చెంప మీద ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొదట్లో వచ్చే పశువు వాసన కూడా షాంపూతో రెండు మూడు సార్లు కడిగి ఆరబెడితే తగ్గుతుంది.

బోరు నీళ్ల ఇళ్లకు ఒక జాగ్రత్త. ఆ నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిసి, కరగని తెల్లటి మడ్డిగా మొదళ్లలో పేరుకుంటుంది. అది తడిని పట్టి ఉంచుతుంది, వెంట్రుకలు బిరుసెక్కుతాయి. నెలకోసారి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చు వరకే 5 నిమిషాలు ముంచి, బాగా కడగండి. ఆఖరి కడుగు ఎప్పుడూ ఆర్వో ఫిల్టరు నీళ్లతో చేస్తే మడ్డి నెమ్మదిగా పేరుకుంటుంది. మరిగే నీళ్లు జిగురును వదులు చేస్తాయి. బ్లీచింగ్ ద్రావణమైతే వెంట్రుకనే తినేస్తుంది.

ఊరెళ్లేటప్పుడు జతలో ఆరిన బ్రష్‌నే డబ్బాలో పెట్టుకెళ్లండి. తిరుగు ప్రయాణానికి అది తడిగా ఉంటే డబ్బాలో మూత బిగించకండి, పొడి చేతిరుమాల్లో వదులుగా చుట్టి సంచిలో పైనే పెట్టండి, ఇంటికి చేరగానే విప్పి ఫ్యాను కింద నిలబెట్టండి.